సున్నా కన్నా చిన్న భూకంపాలు

“ముప్పై ఎనిమిది రోజులా? మరి నాన్నని ఎవరు చూసుకుంటారు?” అన్నాడు మా అబ్బాయి డేవిడ్ రాజు.

ఆదివారం చర్చి నుంచి వచ్చి అన్నానికి కూర్చున్నాం. మా కోడలు హదస్సా నా కంచంలో చికెన్ ముక్కలకి ఎముకలు తీసి, చిన్నవిగా చేసి పెడుతోంది. ఆ మాటకి ఆమె చెయ్యి ఆగలేదు. ముక్కలు చేయడం పూర్తి చేసింది, గిన్నె మీద మూత పెట్టింది, రాజుకి పెరుగు అందించింది, ఆ తర్వాతే చెప్పింది. జనవరి పదో తారీఖున గోవా నుంచి ఓడ బయలుదేరుతుంది. హిందూ మహాసముద్రం మధ్యలో, అడుగున, కిందటేడు వదిలిన యంత్రాలను పైకి తీసుకురావాలి. వెళ్ళేవాళ్ళ పేర్లు శుక్రవారం సాయంత్రంలోగా ఇవ్వాలి. ఆమె వెళ్ళాలనుకుంటోంది.

“నువ్వు కాకపోతే మీ ఆఫీసులో ఇంకెవరూ లేరా?” అన్నాడు వాడు. కోపంగా అనలేదు. వాడికి కోపం తక్కువ, నవ్వుతూనే కాదంటాడు. కూతురు జెన్నీకి టెన్త్ అన్నాడు, నాన్నకి చెయ్యి రాదన్నాడు, రెండేళ్ళు ఆగితే తనే దగ్గరుండి పంపిస్తానన్నాడు. యంత్రాల్లో బ్యాటరీ మార్చి నెల దాకే వస్తుందని ఆమె అంటే, అందుకే మరి ఇంకొకరిని వెళ్ళమను అన్నాడు. రెండు గంటల ముందు చర్చి గేటు దగ్గర ఇదే మనిషి, “మా మిసెస్ సైంటిస్ట్ అండీ, సముద్రం మీద రీసెర్చ్” అని కొత్తగా వచ్చిన వాళ్ళకి చెప్పుకుంటుంటే నేను పక్కనే ఉన్నాను.

నా పేరు దేవసహాయం. రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేరి కీమన్‌గా రిటైరయ్యాను. ఐదో తరగతి దాకా చదివాను. నేను చెబుతుంటే ఇది రాస్తున్నది మా మనవరాలు జెనిఫర్. నా మాట నెమ్మది, దానికి ఓపిక ఎక్కువ. చెప్పదలచుకున్నది మా కోడలి సంగతి. అయితే ఆ ఆదివారం ఆమె దారికి అడ్డంగా తెచ్చి పెట్టింది నన్ను. అందుకని నా సంగతి కూడా కొంత చెప్పాలి.

మా ఆవిడ రోసమ్మ పోయిన ఏడాదికి నాకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది, మాట పోయింది. కాలు మాత్రం దేవుడి దయవల్ల నిలబడింది. పద్మారావు నగర్‌లో ఫిజియోథెరపీ చేసే అమ్మాయి ఒక అట్ట ఇచ్చి, దాని మీద బొమ్మలు చూసి రోజూ పలకమన్నది. చెంబు, బడి, పిల్లి. డెబ్భై ఏళ్ళ మనిషిని, పిల్లి అనలేక ఏడ్చేవాణ్ణి. హదస్సా ఆఫీసుకి బయలుదేరే ముందు పావుగంట నా గదిలోకి వచ్చేది. చొక్కా తొడిగి గుండీలు పెట్టేది, మాత్రలు ఇచ్చేది, ఆ అట్ట పట్టుకుని నా ఎదురుగా కూర్చునేది. వారం చూసి, అట్ట తీసి బీరువా మీద పడేసింది.

“మామయ్యా, గీ చెంబు, బడి ఎన్ని దినాలు? నా పనిల మాటలు చెప్త. అవి అనుండ్రి,” అన్నది.

మొదట ఇచ్చిన మాట ‘భూకంపం’. దాన్ని పూర్తిగా అనడానికి నాకు పద్దెనిమిది రోజులు పట్టింది. అన్నరోజు ఆమె చేతిలో దువ్వెన పట్టుకునే చప్పట్లు కొట్టింది.

ఆమె పుట్టి పెరిగింది బన్సీలాల్‌పేట్‌లో. మా వాళ్ళేమో ఒంగోలు వైపు నుంచి వచ్చిన వాళ్ళం. పెళ్ళైన కొత్తలో ఆమె ‘గిట్ల’ అంటే రోసమ్మ ‘ఇలా అనమ్మా, మా వాళ్ళు వింటే నవ్వుతారు’ అని దిద్దేది. రాజు ఆ మాటని వెక్కిరించి నవ్వించేవాడు. నేను కూడా నవ్వాను. అలా ఆమె మా ఇంట్లో మా మాట నేర్చుకుంది, ఆఫీసులో ఇంగ్లీషు. తన మాట తనకి పుట్టింటికి వెళ్ళినప్పుడే. నాకు మాట పోయిన తర్వాత, నా దగ్గర కూర్చున్నప్పుడు మాత్రం తన మాట బయటికి తీసేది. నవ్వేవాడికి నోరు లేదు కదా.

ఆ పావుగంటల్లోనే నాకు సముద్రం సంగతి తెలిసింది. సముద్రం అడుగున, మధ్యలో, వేల కిలోమీటర్ల పొడవున కొండల వరస ఉందట. ఆ వరస నడినెత్తిన పాపిడి తీసినట్టు ఒక చీలిక. అక్కడ నేల రెండు వైపులకీ జరుగుతూ ఉంటుంది, ఏడాదికి మూడు నాలుగు సెంటీమీటర్లు, మన గోళ్ళు పెరిగినంత. జరిగిన సందులోకి కింద నుంచి కొత్త రాయి వచ్చి నిండుతుంది. జరిగేటప్పుడల్లా చిన్న చిన్న భూకంపాలు. రోజుకి పదులు, ఒక్కోరోజు వందలు. పైన ఓడలో పోయేవాడికి తెలియదు, ఒడ్డున ఉన్న యంత్రాలకు అందదు. అడుగున నేలకి చెవి ఆనించి కూర్చున్న యంత్రానికే తెలుస్తుంది. ఆ యంత్రం విన్నదాన్ని చదవడం మా కోడలి పని. అన్నీ గీతలే. ఏ గీత భూకంపం, ఏది తిమింగలం అరుపు, ఏది దూరాన పోయే ఓడ ఇంజను, ఏది చేప వచ్చి యంత్రానికి ఒళ్ళు రుద్దుకోవడం. కంప్యూటరు ఏరుతుంది గానీ మరీ చిన్నవాటిని చెత్త అని పారేస్తుంది. ఆ పారేసిన వాటిలోంచి ఈమె కళ్ళతో చూసి మళ్ళీ ఏరుతుంది. వాటిలో కొన్ని భూకంపాల కొలతలో సున్నా కన్నా చిన్నవి. మైనస్ ఒకటి అంటారట. అది విని రాజు, “మైనస్ భూకంపం అంటే నేల ఇంకా గట్టిగా నిలబడుతుందా?” అని పగలబడి నవ్వాడు. వాడు తొమ్మిదో తరగతికి సోషల్ చెప్పే టీచరు. సముద్రం కింద కొండలున్నాయని ఏటా బోర్డు మీద బొమ్మ గీస్తాడు. “ఏడాదికి పదివేల భూకంపాలు పట్టుకొస్తావు, డబ్బాలో చక్కెర అయిపోయింది మాత్రం నీకు కనపడదు,” అని కూడా ఒకసారి అన్నాడు. ఆమె నవ్వింది. నవ్వి, చెప్పులు వేసుకుని చక్కెరకి వెళ్ళింది.

నాకు నవ్వు రాలేదు. ముప్పై ఒక్క ఏళ్ళు రోజుకి ఆరేడు కిలోమీటర్లు పట్టాల వెంట నడిచినవాణ్ణి. కీమన్ చేతిలో సుత్తి ఉంటుంది. పట్టాని పట్టి ఉంచే ఇనప కీలు జారితే కొట్టి బిగించడం ఒక పని, కొట్టినప్పుడు పట్టా ఏమంటున్నదో వినడం ఇంకో పని. బాగున్న పట్టా ఖంగుమంటుంది. లోపల వెంట్రుకంత పగులు ఉన్నా ఆ ఖంగు సగంలో తెగిపోతుంది. చలికాలం పొద్దున్నే మౌలాలి దగ్గర అలా ఒకటి విని బండి ఆపించినందుకు నాకు సర్టిఫికెట్ ఇచ్చారు, ఇప్పటికీ గోడ మీద ఉంది. పట్టా విరిగాక శబ్దం ఎవరికైనా వినపడుతుంది. విరగకముందు వినేవాడికే జీతం. ఈ అమ్మాయి చేస్తున్నది మా పనే, మూడు కిలోమీటర్ల నీళ్ళ కింద చేస్తోంది అని నాకు అర్థమైంది. ఆ మాట ఆమెతో అనడానికి నాకు మూడు రోజులు పట్టింది, మాటలు కూడగట్టుకోవాలి కదా. విని కుర్చీ నా దగ్గరికి లాక్కుంది. తర్వాత, పట్టా శబ్దం ఎట్లా తెగుతుందో నోటితో చేసి చూపించమన్నది. చూపించాను.

ఇంట్లో ఆమె పని ఎంతో, పక్షవాతం వచ్చి ఇంట్లో కూర్చున్న ఈ మూడేళ్ళలోనే చూశాను. అంతకు ముందు కూడా కళ్ళు ఉన్నాయి, చూడలేదు. ఐదుకి ముందే లేచి నీళ్ళు పట్టేది. నాకు ఉప్పు లేని కూర, రాజుకి ఉప్పు ఉన్న కూర, జెన్నీకి డబ్బాలోకి ఇంకోటి. ఇస్త్రీ, మాత్రలు, వాషింగ్ మెషీను, పనమ్మాయి రాని రోజు గిన్నెలు. తర్వాత రెండు బస్సులు మారి ఆఫీసు. సాయంత్రం వచ్చి చెప్పులు విప్పకుండానే స్టవ్ వెలిగించేది. రాజు సాయం చేయడని కాదు. చీటీ రాసిస్తే కూరగాయలు తెస్తాడు. తెచ్చి, “కూరగాయలు తెచ్చేశాను” అని ఇల్లంతా వినపడేట్టు చెబుతాడు. ఆమె రోజుకి చేసే నలభై పనుల్లో ఒక్కదాన్నీ ఎవరికీ చెప్పగా నేను వినలేదు. బీన్స్ తరుగుతూ తరుగుతూ ఒక్కోసారి కత్తి ఆపి గోడకేసి చూసేది. ఏమిటమ్మా అంటే, నిన్న చూసిన గీతలు కళ్ళ ముందు నడుస్తున్నాయి మామయ్యా, ఒకటి తప్పుగా గుర్తు పెట్టానేమో అనేది. మా ఇంటి వెనక నుంచి లోకల్ బండి పోతే అల్మారాలో స్టీలు గ్లాసులు గలగలమంటాయి. మొదటి అదురు వచ్చి, ఆ తర్వాత పెద్ద అదురు రావడానికి ఎంతసేపో వేళ్ళ మీద లెక్కపెట్టుకునేది. వచ్చిన తేడాని బట్టి బండి ఎంత దూరంలో ఉందో చెప్పొచ్చా అని తనలో తనే ఆడుకునేది. ఇంట్లో ఎవరికీ తెలియని ఆట అది.

ఇలా యంత్రాలను పైకి తేవడానికి ఇంతకు ముందు ఒకసారి ఓడ వెళ్ళింది, ఆరేళ్ళ కిందట. అప్పుడూ ఆమె పేరు ఉంది. రోసమ్మకి మోకాలి ఆపరేషన్, జెన్నీ చిన్నది. ఆమె తన పేరు కొట్టించుకుంది. కొట్టించుకుంది అంటున్నాను గానీ, ఆ వారమంతా మేం ముగ్గురం ఆమెని చుట్టుకుని కూర్చున్నాం. ఆడపిల్ల నెలరోజులు మగవాళ్ళతో ఓడ మీద ఏమిటి అని రోసమ్మతో అన్నది నేనే, వంటింట్లోకి వినపడేంత గట్టిగా. అప్పుడు నాకు మాట బాగానే వచ్చేది.

ఆమె బదులు ఇంకొకతను వెళ్ళాడు. మంచివాడేనట. అయితే ఆ యంత్రాలకి ఒక కిటుకు ఉంది. సముద్రం అడుగుకి శాటిలైట్ టైము అందదు. లోపలి గడియారం తన దారిన తను నడుస్తుంది, రోజూ సెకనులో వెయ్యో వంతులు రెండో మూడో ముందుకో వెనక్కో జరుగుతుంది. ఏడాదికి అది సెకను దాకా అవుతుంది. సెకను తేడా వస్తే లెక్కలో భూకంపం ఐదారు కిలోమీటర్లు పక్కకి పోతుంది. అందుకని యంత్రం పైకి రాగానే, ఇంకేదీ ముట్టుకోకుండా, దాని టైముని శాటిలైట్ టైము పక్కన పెట్టి తేడా రాసుకోవాలి. రెండు నిమిషాల పని. అతను వానలో తడిసి, అలిసిపోయి, మూడు యంత్రాలను ముందు ఆపేసి కార్డులు తీసుకున్నాడు. కార్డు చేతికొచ్చింది, ఏడాది సమాచారం వచ్చేసినట్టే అనుకున్నాడు. ఆపగానే గడియారాలు ఆగిపోయాయి. ఎంత జరిగాయో ఇక ఎవరూ చెప్పలేరు.

వాళ్ళ ఆఫీసరు హరికిషన్ గారు చిన్నవాటిని వదిలేయమన్నాడు, పెద్ద భూకంపాలతో పరిశోధన కాగితం రాసేద్దామన్నాడు. హదస్సా వదల్లేదు. సముద్రం ఎప్పుడూ ఒక హోరు పెడుతూ ఉంటుందట, అలల బరువు వల్ల అడుగు నేల సన్నగా అదురుతూనే ఉంటుంది. ఆ హోరు ఒక యంత్రం నుంచి ఇంకో యంత్రానికి చేరడానికి పట్టే సమయం ఏడాది పొడుగునా ఒకటే ఉండాలి. గడియారం తప్పుతుంటే ఆ సమయం తప్పుతున్నట్టు కనపడుతుంది. ఒక్కొక్క రోజు హోరూ తీసి, యంత్రానికీ యంత్రానికీ పోల్చి, ఏ రోజు ఏ గడియారం ఎంత జరిగిందో ఆమె పట్టుకుంది. పద్నాలుగు నెలలు. ఆఫీసులో భోజనం గంట, బస్సులో కూర్చునే చోటు దొరికిన రోజులు, జెన్నీ ట్యూషన్ బయట మెట్లు. పూర్తయిన రోజు నాకు ఫోనులో రెండు బొమ్మలు చూపించింది. మొదటిదాంట్లో చుక్కలు, నేల మీద ఆవాలు ఒలికినట్టు. రెండోదాంట్లో అవే చుక్కలు చీలిక కింద ఒక్క గీతలో, దారానికి గుచ్చినట్టు. నేను దాన్ని చాలాసేపు చూశాను. నా జీవితంలో అంత శుభ్రమైన పని నేను చూడలేదు. పట్టాల కింద రాళ్ళు కొట్టినవాణ్ణి, చెబుతున్నాను.

ఆ బొమ్మని బయట దేశాల వాళ్ళు వచ్చిన మీటింగులో హరికిషన్ గారు చూపించాడు. ఆ రోజు హదస్సాని పట్టుచీర కట్టుకు రమ్మన్నారు, బొకేలు ఇవ్వడానికి. ఇచ్చాక, టీలు సరిపోతున్నాయో లేదో చూడమని బయటికి పంపారు. లోపల ఎవరో గడియారాలు ఎలా సరిచేశారు అని అడిగితే చెప్పేవాళ్ళు లేక ఆమె కోసం మనిషి వచ్చాడు. చేతిలో ట్రే అక్కడే బల్ల మీద పెట్టి లోపలికి వెళ్ళి ఇరవై నిమిషాలు చెప్పింది. కాగితం అచ్చయినప్పుడు ఆమె పేరు నాలుగోది. రాజు చూసి, నాలుగోదైనా ఉంది కదా, సంతోషించు అన్నాడు. ఆ రోజు ఆమె నాతో అన్నది, పేరు నాలుగోదైనందుకు కాదు మామయ్యా, టీలు చూడమని బయటికి పంపినప్పుడు నేను సరేనన్నానే, అదే మింగుడుపడట్లేదని.

ఇప్పుడు సముద్రం అడుగున ఎనిమిది యంత్రాలు ఏడాదిగా వింటూ కూర్చున్నాయి. ఎక్కడ వదలాలో లెక్క కట్టింది ఆమె. ఈసారి ఆ రెండు నిమిషాల పని ఇంకొకడి చేతిలో పెట్టడం ఆమెకి ఇష్టం లేదు. అది తప్ప ఆమెకి వేరే కోరిక ఏదీ ఉన్నట్టు నేను వినలేదు.

సోమవారం రాజు ఎదురింటి యామిని వాళ్ళ అత్తగారి సంగతి తెచ్చాడు, చూసేవాళ్ళు లేక ఎలా పడిపోయిందో. మంగళవారం టెన్త్ మార్కుల సంగతి తెచ్చాడు. దానికి జెన్నీ, నా పరీక్ష నేను రాసుకుంటాను డాడీ, మమ్మీ రాస్తుందా అన్నది. ఇది కూడా రాయాలా తాతయ్యా అని అడుగుతోంది ఇప్పుడు. రాయమన్నాను. ఆఫీసులో హరికిషన్ గారు, ఇంట్లో ఒప్పుకున్నారా, మీ ఆయనతో ఒకసారి ఫోన్ చేయించండి అన్నాడట. మూడు రోజులూ అన్ని మాటలూ తిరిగి తిరిగి వచ్చి ఆగేది నా దగ్గరే. నాన్న ఒక్కడు. నాన్నకి చొక్కా ఎవరు తొడుగుతారు.

బుధవారం పొద్దున ఆమె వచ్చి నా చొక్కా పట్టుకుంది. మూడో గుండీ దగ్గర నేను ఆమె చెయ్యి ఆపాను.

“అమ్మా, ఇవి నేను పెట్టుకోగలను,” అన్నాను.

ఆ మాట నా గొంతులో ఈస్టర్ నుంచి ఉంది. ఈస్టర్ నాటికే ఎడమ చేత్తో, కుడి చేతిలో కదలిక వచ్చిన రెండు వేళ్ళతో గుండీలు పెట్టుకోవడం వచ్చేసింది. ఎవరూ లేనప్పుడు పెట్టుకుని, మళ్ళీ విప్పేసి కూర్చునేవాణ్ణి. నీళ్ళు పోసుకోగలను, టీ పెట్టుకోగలను. చెప్పలేదు. ఒకరు మన కోసం కూర్చుని గుండీ పెడుతుంటే ఆ హాయి వేరు. రోసమ్మ తెల్లవారుజామున మూడున్నరకి లేచి ముప్పై ఒక్క ఏళ్ళు నాకు డబ్బా కట్టింది. ఆమెకి ఎవరూ సర్టిఫికెట్ ఇవ్వలేదు, నేనూ ఇవ్వలేదు. అలవాటైన ప్రాణం. కోడలు దొరికింది, సాగింది. తొమ్మిది నెలలుగా చేతకాని వాడిలా నటించి, ఇవాళ ఆ చేతకానితనమే ఆమె కాళ్ళకి చుట్టుకుంటే చూస్తూ కూర్చున్నాను. ఇదంతా ముక్కలు ముక్కలుగా, ఆగి ఆగి చెప్పాను.

ఆమె మూడో గుండీ పెట్టేసింది. నాలుగోది కూడా పెట్టింది.

“నాకెరుకే మామయ్యా,” అన్నది.

నేను ఆమె ముఖం చూశాను.

“అప్పుడే ఎరుకైంది. మీరు గుండీలు విప్పేటప్పుడు కాజాలు నలుగుతయి, ఇస్త్రీ చేసేదాన్ని నాకు కనపడదా?”

మరి ఎందుకమ్మా చెప్పలేదు, ఎందుకు రోజూ వచ్చి పెట్టావు అని అడిగాను. ఆమె మంచం అంచున కూర్చుంది. బస్సుకి టైమవుతోందని ఆ రోజు గడియారం చూసుకోలేదు.

“ఈ ఇంట్ల నిన్న నీ పని ఏమైంది అని అడిగేది మీరొక్కరే. గీ పావుగంటనే. గుండీలు మీకు వచ్చినయంటే నేను ఈ అర్రలకి రావడానికి ఏం పేరు చెప్పాలె? ఊరికె వచ్చి కూసుంటే పని ఎగ్గొట్టినట్టుంటది.” నా చొక్కా కాలరు సర్దింది. “ఇంకోటి సుత ఉన్నది. మిమ్మల్ని చూపించి ఆయన ఒక్కడే ఆపుతున్నడా? నేను సుత ఆగుతున్న. నాకు ఈత రాదు. ఓడల నేనొక్కదాన్నే ఆడదాన్ని. అక్కడికి పోయి యంత్రం పైకి రాకపోతే, హరికిషన్ సార్ ముఖం ఎట్ల చూడాలె? మామయ్యకు బాగలేదు, గందుకే పోలే అంటే ఎవరూ ఏమనరు. నాకు సుత సుకూన్, నిమ్మళం.”

నాకు అప్పుడు తెలిసింది, ఇద్దరం ఒకే అబద్ధాన్ని చెరో వైపు పట్టుకుని కూర్చున్నామని. ఆమె లేచి కొంగు సర్దుకుంది. గడపలో ఆగి, రేపటి నుంచి గుండీలు మీరే పెట్టుకోండ్రి మామయ్యా, నేను వస్త మాత్రం అన్నది.

గురువారం సాయంత్రం రాజు ముందు చొక్కా విప్పి, తొడుక్కుని, గుండీలన్నీ పెట్టుకుని చూపించాను. ఆరు నిమిషాలు పట్టింది. వాడు టీవీ ఆపి చూశాడు. “తొమ్మిది నెలలుగా వస్తున్నాయిరా ఇవి,” అన్నాను. వాడు నా వైపు, ఆమె వైపు చూసి, సరే నాన్నా, చొక్కా సంగతి సరే, ఇల్లు ఎవరు చూస్తారు అన్నాడు. అప్పుడు అర్థమైంది నాకు. అడ్డం నేను కాను. నన్ను పక్కకి తీస్తే అక్కడ ఇంకోటి పెడతాడు. అది కూడా తీస్తే ఇంకోటి. హదస్సా బట్టలు మడతపెడుతోంది. వాడి చొక్కాల దొంతర వాడి పక్కన పెట్టి లోపలికి వెళ్ళింది.

శుక్రవారం ఆఫీసులో ఏం జరిగిందో ఆమె మర్నాడు పొద్దున నా గదిలో చెప్పింది. హరికిషన్ గారు పేర్ల కాగితం ముందు పెట్టుకుని, మీ ఆయన ఫోన్ చేయలేదేమిటమ్మా అన్నాడట. కాగితం మీద అప్పటికే నలుగురు మగవాళ్ళ పేర్లు ఉన్నాయి. ఆమె ఆ పేర్లు ఒకసారి చదివి, “సార్, వీళ్ళ నలుగురి భార్యలూ మీకు ఫోన్ చేశారా?” అని అడిగింది. ఎగతాళిగా కాదు, తెలుసుకోవడానికే అడిగినట్టు. ఆయన కాగితం, పెన్ను ఆమె వైపు జరిపాడు. ఆమె పేరు ఆమే రాసుకుంది. అక్షరాలు మంచిగ రాలే మామయ్యా అని నవ్వింది.

రాజు రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు అన్నం దగ్గర, నీకు భయం లేదా అని అడిగాడు. ఉందండీ అన్నది. జనవరిలో నాంపల్లి స్టేషన్‌లో ఆమెని రైలెక్కించి వచ్చి, వంటింట్లో లైటు వేసి, చాలాసేపు అక్కడే నిలబడ్డాడు.

మేం ఎలా బతికామో చెప్పడానికి పెద్దగా లేదు. మొదటి వారం ఉప్మా. రెండో వారం నేను ఎడమ చేత్తో చారు పెట్టడం నేర్చుకున్నాను. జెన్నీ తన బట్టలు తను ఉతుక్కుంది, రాజుకి తన బట్టలు ఎక్కడ ఎండుతాయో తెలిసింది. ఆమె ఓడ మీద నుంచి ఎప్పుడైనా రెండు ముక్కలు రాసేది. నీళ్ళు నల్లగా ఉన్నాయని, మూడు రోజులు వాంతులని, ఇప్పుడు తగ్గిందని.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం పొద్దున ఓడ నుంచి ఫోన్ వచ్చింది. ఒక్కొక్కరికి పది నిమిషాలట. జెన్నీ స్పీకర్ పెట్టింది. గాలి హోరు, ఆ హోరులోంచి ఆమె గొంతు. ఏడు యంత్రాలు పైకి వచ్చాయి. ఏడింటి గడియారాలూ, ఎవరినీ ముట్టుకోనివ్వకుండా, డెక్ మీద మోకాళ్ళ మీద కూర్చుని తనే సరిచూసి రాసుకుంది. ఎనిమిదోది మాత్రం పిలిస్తే పలకలేదు. బరువు వదిలి పైకి రమ్మని నీళ్ళలోకి శబ్దం పంపుతారు, దానికి జవాబు రావాలి. రాలేదు. పోయింది, వెళ్దాం అన్నారు మిగతావాళ్ళు. ఆమె కెప్టెన్ దగ్గరికి వెళ్ళి ఇంకో నాలుగు గంటలు ఓడ ఆపమని అడిగింది. ఆపాడు. చోటు మార్చి, మళ్ళీ పిలిచి, మళ్ళీ పిలిచి, మూడో గంటలో సన్నగా జవాబు విన్నది. పైకి తేలడానికి దానికి గంట పట్టింది. అలల్లో యంత్రానికి కట్టిన నారింజ రంగు జెండాని ముందు చూసింది తనే. ఇంకా నడుస్తోంది గడియారం. “ఏడాదికి ఒకటింబావు సెకను జరిగింది మామయ్యా, అంతే,” అన్నది, పుట్టిన బిడ్డ బరువు చెప్పినట్టు.

నేను ఎడమ చేత్తో బల్ల మీద చప్పట్లు కొట్టాను.

రాజు ఫోను దగ్గరికి వంగి, గుడ్ గుడ్ అన్నాడు, నిజంగా సంతోషంగానే అన్నాడు. తర్వాత, “అది సరే గానీ, కుక్కర్ గ్యాస్కెట్ ఎక్కడ పెట్టావు? పొద్దున్నుంచి వెతుకుతున్నాం,” అన్నాడు.

అవతల గాలి తప్ప ఏమీ వినపడలేదు. లైను పోయిందనుకున్నాను. పెళ్ళై వచ్చిన ఈ పద్దెనిమిదేళ్ళలో మా ఇంట్లో ఎవరు ఏ వస్తువు అడిగినా, అడగడం పూర్తయ్యే లోపే ఏ అర, ఏ డబ్బా వెనక అని ఆమె గొంతు వచ్చేది.

“నాకు తెల్వదు,” అన్నది హదస్సా. “ఇంకా ఆరు నిమిషాలున్నయి. ఇంకేదన్న అడుగుండ్రి.”